ద్వారబంధపు రంగు – దాని పూర్వచరిత్ర

అనంతపురము జిల్లాలో ఉరవకొండనుండి బళ్ళారికి పోవు దారిలో విడపనకల్లు గ్రామము కలదు. నల్లరేగడి నేలయు, ఏటికి 500 మొదలు 550 మిల్లీమీటర్ల వరకు మాత్రమే కురియు వానయు, వేసవిలో వీచు పొడిగాలియు ఆ మెట్టసీమ లక్షణములు. తెలుగునాట ఇతర గ్రామములందువలెనే ఇచ్చటను ద్వారబంధము నిలుపుటకు ముహూర్తము చూతురు. గడపకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టుదురు. ఇల్లు పూర్తియైన పిదప లోపలి గదుల ద్వారబంధములకు రంగు వేయింతురు. ఐతే ఒక యింట ఆ రంగు ఇరువది యేండ్లు నిలుచును. మరియొక యింట మూడేండ్లకే పెచ్చులుగా రాలును. రెండిండ్లకును కొన్న డబ్బాలు ఒకే రకమువి కావచ్చును. మరి భేదము ఎచ్చటనున్నది?

ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకినచో మూడు విషయములు బయటపడును. మొదటిది కొయ్య స్వభావము. రెండవది నూనెలు ఆరు విధము. మూడవది సీసపు విషముతో మానవుడు సాగించిన దీర్ఘ పోరాటము. ఈ మూడవది మన పాత ద్వారబంధములపై నేటికిని ముగియలేదు. కావున ఉపాధ్యాయులును విద్యార్థులును ఈ చరిత్రను తెలిసికొనుట అవసరము.

కొయ్య కదలును

కొయ్యను మనము నిశ్చలమైన వస్తువుగా భావింతుము. అది సరికాదు. గాలిలోని తేమను బట్టి కొయ్య నీటిని పీల్చుకొనుచును, విడుచుచును ఉండును. ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్నప్పుడు, గాలిలో సాపేక్ష తేమ 80 శాతమైనచో కొయ్యలో సుమారు 15 లేక 16 శాతము నీరు నిలుచును. గాలితేమ 30 శాతమునకు దిగినచో కొయ్యలో నీరు సుమారు 6 శాతమునకు తగ్గును. వానకాలపు ముసురునకును చైత్రవైశాఖముల ఎండకును నడుమ ప్రతి ద్వారబంధమును ఇట్టి మార్పునకు లోనగును.

ఈ మార్పువలన కొయ్య పరిమాణము మారును. టేకును ఉదాహరణముగా తీసికొందము. పచ్చికొయ్య పూర్తిగా ఎండువరకు, వార్షిక వలయముల వెంబడి అది నూటికి 5.8 పాళ్ళు కుంచించుకొనును. మానుమధ్యనుండి బెరడువైపునకు 2.5 పాళ్ళు మాత్రమే కుంచించుకొనును. నిలువున కుంచించుకొనుట మిక్కిలి స్వల్పము. తేమ సుమారు 30 శాతమునకు దిగిన పిమ్మటనే ఈ సంకోచము ఆరంభమగును. కావున 15 శాతమునుండి 6 శాతమునకు తేమ తగ్గినపుడు, మొత్తము సంకోచములో పదింట మూడు పాళ్ళు జరుగును. అనగా 10 సెంటీమీటర్ల వెడల్పుగల కమ్మి సుమారు 1.7 మిల్లీమీటర్లు సన్నబడును. పైనున్న రంగుపొర ఈ కదలికతోపాటు సాగవలెను, ముడుచుకొనవలెను. సాగలేని పొర పగులును. పట్టులేని పొర రాలును.

మన పూర్వులకు ఈ అంకెలు తెలియవు గాని విషయము తెలియును. అందుచేతనే చేవదేరిన కొయ్యను ఎన్నుకొనిరి. రాయలసీమలో టేకుతోపాటు వేపకొయ్యయు ద్వారబంధములకు విరివిగా వాడబడినది. దుంగలను కొన్ని మాసములు చెరువునీట నానవేసి, పిమ్మట నీడన ఆరబెట్టుట పాత పద్ధతి. నానుటవలన పురుగులకు ఆహారమగు పసరు చాలవరకు కడుగుకొనిపోవును. నీడన మెల్లగా ఆరుటవలన లోపలి భాగమును పై భాగమును సమముగా ఎండి బీటలు తగ్గును.

కొండపల్లి బొమ్మ చెప్పు పాఠము

గోడపై రంగు నిలుచు రీతి వేరు, కొయ్యపై నిలుచు రీతి వేరు. పదునారవ శతాబ్దములో, అచ్యుతదేవరాయల కాలమున, లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పులపై చిత్రములు వేయబడినవి. సున్నపు పూతపై మట్టిరంగులతో వేసిన ఆ చిత్రములు నేటికిని చూడవచ్చును. రాతిపైని సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి గట్టిపడును, రాయి కదలదు, కావున పూత నిలుచును. కొయ్యకు ఈ సౌకర్యము లేదు. కొయ్యపై రంగు వేయువాడు మొదట కొయ్యనే సిద్ధపరచుకొనవలెను.

ఇందుకు మన తెలుగుదేశమున చక్కని నిదర్శనము కొండపల్లి బొమ్మ. దానికి వాడునది తెల్లపొణికి అను తేలికకొయ్య. పనివారు మొదట ఆ కొయ్యను సన్నని సెగపై కాచి తేమను పోగొట్టుదురు. అవయవములను చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సందులను పూడ్చుదురు. ఆరిన పిదప నునుపు చేసి, సున్నపు పూత పూయుదురు. దానిపైననే రంగులు వేయుదురు. తేమ తీయుట, సందు పూడ్చుట, నునుపు చేయుట, తెల్లని మొదటి పూత, ఆపైన రంగు – ఈ అయిదు మెట్లే నేటి ద్వారబంధపు పనిలోను కనబడును. వస్తువులు మారినవి, వరుసయు కొంత మారినది.

తలుపులకు ఎర్రరంగు

నూనెలో నూరిన రంగుల చరిత్ర మనము తలచినదానికంటె పాతది. ఆఫ్ఘనిస్థానములోని బామియాన్ గుహలలో ఏడవ శతాబ్దపు నడుమ వేసిన చిత్రములలో ఆరెడు నూనెలున్నట్లు 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఐరోపాలో నూనెరంగుల చిత్రకళ ప్రబలుటకు అది కొన్ని శతాబ్దములు ముందు.

ఐరోపాలో పండ్రెండవ శతాబ్దపు ఆరంభమున థియోఫిలస్ అను సన్యాసి వివిధ శిల్పములపై లాటిను భాషలో ఒక గ్రంథము రచించెను. అందులో తలుపులకు ఎర్రరంగు వేయు విధమును ప్రత్యేకముగా వివరించెను. అవిసె గింజలను ఎండబెట్టి దంచి, వేడిచేసి, గానుగలో నూనె తీయవలెను. ఆ నూనెలో సిందూరమునుగాని ఇంగిలీకమునుగాని నీరు చేర్చక నూరవలెను. కుంచెతో పూసి ఎండలో ఆరనిచ్చి, మరల ఒక పూత పూసి ఆరబెట్టవలెను. చివరకు వార్నిషు పూయవలెను. చిత్రములు గల పలకలకు ఆయన చెప్పిన సిద్ధము మరింత శ్రమతో కూడినది. జున్ను, సున్నము కలిపిన జిగురుతో పలకలను అతుకవలెను. ఇనుప పనిముట్టుతో గీకి చదును చేయవలెను. జిగురుతో కలిపిన తెల్లమట్టి పూత వేసి, ఇసుకపదార్థము గల ఒకవిధమైన గడ్డితో రుద్ది నునుపు చేయవలెను. మన గరుకు కాగితమునకు ఆ గడ్డి పూర్వరూపమని చెప్పవచ్చును.

ఇచ్చట ఒక మాట గమనింపుడు. ఆ సన్యాసి అవిసె నూనెనే ఎన్నుకొనెను. ఏ నూనెయైనను చాలునని చెప్పలేదు. ఎందుచేత?

ఆరు నూనె, ఆరని నూనె

నీటిరంగు ఆరుటయనగా నీరు ఆవిరియగుట. నూనెరంగు ఆరుట అట్టిది కాదు. అవిసె నూనె ఆవిరికాదు. పైగా ఆరిన పిదప దాని బరువు నూటికి పది పాళ్ళకు పైగా పెరుగును. 1820 ప్రాంతమున స్విట్జర్లాండునకు చెందిన ద సస్యూర్ అను శాస్త్రజ్ఞుడు అక్రోటు నూనె పొరను ప్రాణవాయువులో నుంచి చూచెను. చాలకాలము దాదాపు ఏమియు జరుగలేదు. ఆపైన నూనె హఠాత్తుగా తన ఘనపరిమాణమునకు అనేకరెట్లు ప్రాణవాయువును పీల్చుకొనెను. నూనె ఆరుటయనగా ప్రాణవాయువుతో సంయోగము చెందుటయే యని దీనివలన తెలిసినది.

నూనె అణువులలో కర్బన పరమాణువుల నడుమ అచ్చటచ్చట ద్విబంధములుండును. ప్రాణవాయువు ఆ చోటులను ఆశ్రయించి, ఒక అణువును మరియొక అణువుతో ముడివేయును. ముడులు పెరిగినకొలది నూనె జిగటయై, తుదకు వలవంటి గట్టిపొర యగును. ద్విబంధములు ఎంత హెచ్చైన నూనె అంత బాగుగా ఆరును. ఈ ద్విబంధములను కొలుచుటకు ఆస్ట్రియా దేశస్థుడగు హ్యూబ్ల్ 1884లో అయొడీను పద్ధతిని ప్రవేశపెట్టెను. నూరు గ్రాముల నూనె పీల్చుకొను అయొడీను గ్రాముల సంఖ్యయే దాని అయొడీను విలువ.

మనకు తెలిసిన నూనెలను ఈ కొలతతో చూడుడు. అవిసె నూనె విలువ 170 మొదలు 200. ఇది చక్కగా ఆరును. కుసుమ నూనె విలువ 135 మొదలు 150. ఇది కొంత మెల్లగా ఆరును. నువ్వుల నూనె విలువ 103 మొదలు 116. వేరుశనగ నూనె విలువ 85 మొదలు 105, ఇది ఆరదు. కొబ్బరి నూనె విలువ పదికి లోపుననే. దీనికి ఆరుట అను ప్రసక్తియే లేదు. అనంతపురము జిల్లా వేరుశనగ పంటకు పేరుపొందినది. ఐనను ఆ నూనెతో కలిపిన రంగును ద్వారబంధమునకు పూసినచో అది ఎన్నాళ్ళకును జిడ్డుగానే యుండి దుమ్మును పట్టుకొనును.

కుసుమ సంగతి వేరు. దక్కను నల్లరేగడి చేలలో జొన్న, శనగ పైరుల అంచున ముండ్ల కుసుమను కంచెవలె వేయుట పాత అలవాటు. దాని నూనెను దీర్ఘకాలము మరిగించి చిక్కని పాకముగా మార్చి, దానితో వస్త్రములపై అలంకారము చేయు పని పెషావరు ప్రాంతమున ఉండెను. దానిని రోగను అందురు. అవిసె నూనెవలె కాలక్రమమున పసుపుపచ్చగా మారదు గనుక కుసుమ నూనెను తెల్లరంగులలో నేటికిని వాడుదురు.

ఆముదపు కథ ఇంకను వింతయైనది. దాని అయొడీను విలువ 82 మొదలు 90 మాత్రమే, అది ఆరదు. ఐనను గుజరాతులోని కచ్ఛ ప్రాంతమున నిరోనా గ్రామస్థులు ఆముదమునే గంటల తరబడి మరిగించి రోగను చేయుదురు. ఆముదములో నూటికి 85కు పైగా రిసినోలిక్ ఆమ్లము కలదు. దాని అణువులోనుండి ఒక నీటి అణువును తొలగించినచో క్రొత్తగా ఒక ద్విబంధము ఏర్పడును. ఇరువదవ శతాబ్దములో రసాయనజ్ఞులు తగిన ఉత్ప్రేరకములతో ఈ పని చేసి, ఆరని ఆముదమును ఆరెడు నూనెగా మార్చిరి. నిర్జలీకృత ఆముదము నేడు రంగుల పరిశ్రమలో ముఖ్యవస్తువు.

పాఠశాలలో ఒక సులభమైన ప్రయోగము చేయవచ్చును. నాలుగు గాజుపలకలపై అవిసె, కుసుమ, వేరుశనగ, ఆముదపు నూనెలను పలుచగా పూసి, తూచి, దుమ్ముపడని వెలుతురు చోట నుంచవలెను. రెండు మూడు వారములు దినము విడిచి దినము తూచి, వ్రేలితో అంటి చూచి వ్రాసికొనవలెను. ఏ పలక బరువు పెరిగినదో, ఏది గట్టిపడినదో విద్యార్థులు స్వయముగా కనుగొందురు. ఒక జాగ్రత్త: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పారవేయరాదు. నూనె ప్రాణవాయువుతో కలియునపుడు వేడి పుట్టును. ఉండలో ఆ వేడి పోగుపడి గుడ్డ తనంతట తానే అంటుకొనగలదు. గుడ్డలను విప్పి ఆరవేయవలెను, లేక నీట తడుపవలెను.

సీసము తెచ్చిన కీడు

నూనె పొరను ఇచ్చును; రంగును, మరుగును ఇచ్చునది పొడి. సుమారు రెండువేల యేండ్లు ఐరోపాలో ఆ పొడులలో ముఖ్యమైనది తెల్లసీసము. సీసపు చుట్టలను పుల్లని ద్రాక్షసారముగల కుండలలో నుంచి, పేడలో కప్పి, వారముల తరబడి ఉంచినచో అవి తెల్లని పొడిగా మారును. ఇది నూనెతో కలిసి సాగెడు గట్టిపొర నిచ్చును. నూనె త్వరగా ఆరుటకు తోడ్పడును. కొయ్యను చక్కగా మరుగుపరచును. కదలెడు కొయ్యకు ఇంతకంటె మంచి రంగు లేదని పనివారు నమ్మిరి. వారి నమ్మకము నిరాధారము కాదు. థియోఫిలస్ చెప్పిన సిందూరమును సీసపు సమ్మేళనమే.

కాని సీసము విషము. రంగులు నూరువారికి కడుపునొప్పియు, చేతులు పడిపోవుటయు సామాన్యమైన జబ్బులు. 1786లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక మిత్రునకు వ్రాసిన లేఖలో తన యౌవనమునుండి తాను గమనించిన సీసపు కీడులను వివరించి, ఉపయోగకరమైన సత్యము తెలిసిన పిదప ఆచరణలోనికి వచ్చుటకు ఎంత దీర్ఘకాలము పట్టునో చూడుమని హెచ్చరించెను.

ఆ కాలముననే ఫ్రాన్సులోని దిజోన్ నగరమున తెల్లసీసమునకు మారుగా యశదభస్మమును, అనగా జింకు ఆక్సైడును, తయారుచేసిరి. 1840–50 దశాబ్దమున పారిస్‌లో లెక్లేర్ అను రంగుల గుత్తదారు తన పనివారి ఆరోగ్యమునకై దీనిని వాడుకలోనికి తెచ్చెను. 1904లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరపు నేత్రవైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్ మరియొక ముఖ్యసత్యమును వెల్లడించెను. పిల్లల సీసవిషమునకు కారణము ఇండ్ల వరండా కటకటాలపై పొడియై రాలు రంగేయని ఆయన చూపెను. పిల్లలు దానిని చేతులతో తాకి, ఆ చేతులను నోటిలో పెట్టుకొనుచుండిరి. అంతవరకు సీసము పనివారి సమస్య. ఆనాటినుండి అది పసిపిల్లల సమస్యయు నైనది.

1909లో ఫ్రాన్సు తెల్లసీసపు వాడుకను నిషేధించు చట్టము చేసెను. 1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మికసంస్థ సమావేశము కట్టడముల లోపలి భాగములకు, కొన్ని మినహాయింపులతో, తెల్లసీసము వాడరాదని ఒడంబడిక చేసెను. 1916 నుండి నార్వే, అమెరికా దేశములలో టైటానియము డయాక్సైడు పరిశ్రమ మొదలయ్యెను. విషము లేని ఈ తెల్లపొడి మరుగుపరచు శక్తిలో సీసమును మించినది. మన దేశమున తిరువాన్కూరు టైటానియము సంస్థ 1946లో స్థాపింపబడినది. రంగులలో చేర్చు మరియొక హానిలేని పొడి బెరైటీసు. దత్తమండలములలోని బెరైటీసు గనులపై కూల్సన్ అను భూగర్భశాస్త్రజ్ఞుని గ్రంథము 1933లోనే వెలువడినది. కడప ప్రాంతపు మంగంపేట నిక్షేపము లోకప్రసిద్ధము.

ఇన్ని మార్గములున్నను సీసము మన యిండ్లనుండి త్వరగా తొలగలేదు. తెల్లసీసము పోయినను పసుపుపచ్చ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల ఎనామెలులలో సీసపు క్రోమేటు మొదలగునవి నిలిచినవి. భారత ప్రభుత్వము 2016లో నియమములు చేసి, ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించరాదని శాసించెను. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. బ్రిస్బేన్ వైద్యుని హెచ్చరికకును దీనికిని నడుమ 113 సంవత్సరములు గడచినవి. ఫ్రాంక్లిన్ మాట ఎంత నిజమో చూడుడు.

ఈ తేదీనుండి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. అంతకుముందు రంగు వేసిన ద్వారబంధములపై సీసము ఉండవచ్చును. గట్టిగా అంటియున్నంతవరకు ఆ పొర హాని తక్కువ. పెండ్లికో పండుగకో క్రొత్త రంగు వేయుటకై దానిని పొడిగా గీకి, రుద్దినప్పుడే ప్రమాదము. ఆ ధూళి నేలపై, చాపలపై, పసిపిల్లల చేతులపై పడును. పిల్లల మెదడు ఎదుగుదలను సీసము దెబ్బతీయును. ఇంత మోతాదువరకు హాని లేదని చెప్పదగిన మితి లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

నేటి పని, దాని కారణములు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఒకే రకపు రంగు ఒక యింట నిలిచి, మరియొక యింట రాలుటకు హేతువు చాలవరకు క్రిందిపనిలో నున్నది. ఆ వరుసను కారణములతో చెప్పుదును.

కొయ్య బాగుగా ఎండియుండవలెను. తడికొయ్యపై పూసిన రంగును లోపలి నీరు ఆవిరియై పైకి నెట్టును, బొబ్బలు లేచును. ద్వారబంధమును గోడలో నిలుపక ముందే, గోడను అంటు వెనుకభాగమునకును, నేలను తాకు కొనలకును పూత వేయవలెను. కొయ్యనాళములు తెరచియుండు కొనలనుండియే నీరు వేగముగా ఎక్కును. గోడలోని సున్నము, సిమెంటు క్షారములు. తేమతో కూడినపుడు అవి నూనెరంగును సబ్బుగా మార్చును. సబ్బు తయారగు చర్య ఇదియే.

ముడులున్నచోట లక్కపూత వేయవలెను. లేనిచో ముడిలోని బంక రంగులోనికి ఊరి మరక పడును. పిదప కొయ్యనారల వెంబడి గరుకు కాగితముతో రుద్ది, దుమ్ము తుడిచి, మొదటి పూత వేయవలెను. లప్పము ఆ తరువాతనే పెట్టవలెను. ఈ వరుసను తలక్రిందులు చేయుట సామాన్యముగా జరుగు పొరపాటు. సుద్ద, అవిసె నూనె కలిపిన లప్పమును వట్టికొయ్యపై పెట్టినచో, దప్పిగొన్న కొయ్య అందలి నూనెను త్రాగివేయును. మిగిలిన సుద్ద కొన్నాళ్ళకు పొడియై రాలును. మొదటి పూత ఈ దాహమును తీర్చును.

లప్పము ఆరిన పిమ్మట నునుపు చేసి, ఎనామెలును రెండు పలుచని పూతలుగా వేయవలెను. దట్టముగా ఒక్కసారి పూసినచో పైపొర ముందు ఆరి ప్రాణవాయువును లోపలికి పోనీయదు. అడుగు మెత్తగానుండి ముడుతలు పడును. ఎనామెలులలో విరివిగా వాడు ఆల్కిడ్ బంకలు 1920–30 దశాబ్దమున ప్రచారమునకు వచ్చినవి. వాటిలోను నూనె భాగముండును. అవియు ప్రాణవాయువుతోనే గట్టిపడును. మన మెట్టసీమలో వానలు వెనుకబడిన కార్తీకమునుండి మాఘమువరకు ఈ పనికి అనువైన కాలము. అప్పుడు కొయ్యలోని తేమ రెండు కొసలకు నడుమ నుండును, దుమ్ముగాలియు తక్కువ.

పాత రంగును తీయవలసివచ్చినచో పొడిగా రుద్దరాదు. నీటితో తడిపి, తడిగా నుండగనే రుద్దవలెను. మంటతో కాల్చి తీయరాదు. సీసపు పొగ లేచును. పిల్లలను, గర్భిణులను పని ముగియువరకు ఆ గదికి దూరముగా నుంచవలెను. ముక్కును నోటిని మూయు తగిన తొడుగు ధరింపవలెను. రాలిన పెచ్చులను చీపురుతో ఊడ్వక, తడిగుడ్డతో ఎత్తి, మూటకట్టి, పశువులకును పిల్లలకును అందని చోట పారవేయవలెను. పని దుస్తులను వేరుగా ఉతుకవలెను. గట్టిగా నిలిచియున్న పాత పొరను పూర్తిగా తీయనవసరము లేదు. తడిగా తేలికగా గరుకుచేసి దానిపైననే క్రొత్త పూత వేయవచ్చును.

గ్రామములోని పాఠశాలలు, ఇండ్లు అనేకము ఆ నియమములకు ముందు రంగులు వేయబడినవే. వేసవి సెలవులలో పాఠశాల తలుపులకు రంగు వేయించునపుడు, గీకుట విద్యార్థులచేత చేయింపరాదని ప్రధానోపాధ్యాయులు గుర్తుంచుకొనవలెను. రంగు కొనునపుడు డబ్బాపై సీసపు పరిమితిని తెలుపు వ్రాత కలదా లేదా చూడుమని విద్యార్థులు తమ పెద్దలకు చెప్పవలెను. రంగు పనివారికి ఈ జాగ్రత్తలు అందరికంటె ముందు అవసరము. వారు ఆ ధూళిని ప్రతిదినమును పీల్చుచుందురు.